పన్నెండు మీటర్ల రాడ్డు

ఇల్లు కట్టే చోటికి వచ్చే ఇనుప రాడ్డు పొడవు సాధారణంగా 12 మీటర్లు. లారీలో పట్టేందుకు దాన్ని నడిమికి మడిచి తెస్తారు. ఐరన్ మేస్త్రి ఆ మడత విప్పి, సాపు చేసి, కావలసిన పొడవులకు కోసుకుంటాడు. పునాదికో కొలత, పిల్లరుకో కొలత, బీముకో కొలత, శ్లాబుకో కొలత. ఇవన్నీ 12లో చక్కగా ఇమిడేలా ఎవరూ ముందే మాట్లాడుకోలేదు గనుక, కోసిన చోటల్లా కొసన ఓ ముక్క మిగులుతుంది. శ్లాబు పడేనాటికి ఓ మూల తుక్కు గుట్ట లేస్తుంది. యజమాని ఆ గుట్టను చూపించి "ఇంత ఐరన్ దండగ చేశారేం?" అంటాడు. "కొలతలే అట్లా ఉన్నాయి సార్, నేనేం చేసేది?" అంటాడు మేస్త్రి. ఇద్దరిలో ఎవరిది న్యాయమో గుట్టను చూసి తేల్చలేం. లెక్క వేసి మాత్రం కచ్చితంగా తేల్చవచ్చు.

రాజమండ్రిలోనో సిర్పూర్ కాగజ్‌నగర్‌లోనో కాగితం మిల్లుకు వెళ్తే ఇదే చిక్కు మరో రూపంలో కనిపిస్తుంది. యంత్రం మీద నుంచి దిగే జంబో రీలు వెడల్పు ఒకటే. నోటుపుస్తకాల వాళ్ళకు ఒక వెడల్పు కావాలి, పత్రికల వాళ్ళకు ఇంకొకటి, అట్టపెట్టెల వాళ్ళకు మరొకటి. రీలును నిలువుగా చీల్చినప్పుడు అంచున ఏ వెడల్పుకూ చాలని పీలిక మిగులుతుంది. అద్దాల కొట్టులోనూ, ప్లైవుడ్ కోసే వడ్రంగి దగ్గరా, బట్టల ఫ్యాక్టరీలోనూ జరిగేది ఇదే. సరుకు ఒక కొలతలో వస్తుంది, గిరాకీ పది కొలతల్లో ఉంటుంది. ఎట్లా కోస్తే సరుకు తక్కువ పడుతుంది? వినడానికి ఇంత మామూలుగా ఉన్న ఈ ప్రశ్న ఇరవయ్యో శతాబ్దపు గణితంలో ఒక పెద్ద తలుపు తెరిచింది.

చిన్న ఉదాహరణ తీసుకుందాం. 5 మీటర్ల ముక్కలు 60 కావాలి, మూడున్నర మీటర్లవి 60 కావాలి. రాడ్లన్నీ ఒకే మందం, 16 మిల్లీమీటర్లు. మందం సంగతి ముందే అనుకోవాలి, ఎందుకంటే 16 మిల్లీమీటర్ల ముక్క మిగిలితే దాన్ని 8 మిల్లీమీటర్ల రింగుగా వంచలేం. ఏ మందం లెక్క దానిదే.

పని చేసే చోట సహజంగా తోచే పద్ధతి, పొడుగు ముక్కలు ముందు కానిచ్చి పొట్టివి తర్వాత చూసుకోవడం. ఒక రాడ్డులో 5 మీటర్లవి రెండు వస్తాయి, 2 మీటర్లు మిగులుతుంది. ఆ 2 మీటర్లు మూడున్నరకు చాలదు. 60 ముక్కలకు 30 రాడ్లు. తర్వాత మూడున్నరలు రాడ్డుకు మూడు చొప్పున, ఒకటిన్నర మీటరు తుక్కుతో, 20 రాడ్లు. మొత్తం 50.

ఇప్పుడు కాస్త ఆగి చూడండి. 5 మీటర్ల ముక్క ఒకటి, మూడున్నరలు రెండు కలిపితే సరిగ్గా 12. బెత్తెడు కూడా మిగలదు. అలా 30 రాడ్లు కోస్తే మూడున్నరలు 60 తీరిపోతాయి, 5 మీటర్లవి 30 వస్తాయి. మిగతా 30 కోసం రాడ్డుకు రెండు చొప్పున 15 రాడ్లు. మొత్తం 45. అవే ముక్కలు, అదే ఇల్లు, 5 రాడ్లు తక్కువ. 16 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 1.58 కిలోలు తూగుతుంది. అంటే దాదాపు 95 కిలోల ఇనుము మిగిలింది. ఆలోచన తప్ప అదనంగా ఖర్చయింది ఏమీ లేదు.

కానీ ఆ 45 రాడ్లలో 15 రాడ్లు ఒక్కొక్కటీ 2 మీటర్ల తుక్కు వదులుతున్నాయి. యజమాని కన్ను పడేది వాటి మీదే. కావలసిన ముక్కల పొడవంతా కూడితే 510 మీటర్లు. 12తో భాగిస్తే 42న్నర. కాబట్టి 43 రాడ్లతో సరిపెట్టవచ్చని ఆయన వాదిస్తే ఏం చెప్పాలి? సాధ్యమైన కోతలన్నీ తిరగేసి "లేదండీ, కుదరదు" అనడం ఒక దారి. అంతకన్నా చాలా అందమైన దారి ఇంకొకటి ఉంది. దాన్ని కనుక్కున్న మనిషి లెనిన్‌గ్రాడ్‌లో ఉండేవాడు.

లియొనీద్ కాంతొరోవిచ్ 1912లో పుట్టాడు. 18వ ఏట విశ్వవిద్యాలయం చదువు పూర్తి చేసి, 22వ ఏట ప్రొఫెసర్ అయ్యాడు. 1938లో ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వాళ్ళు ఆయన సలహా కోరారు. వాళ్ళ దగ్గర రకరకాల దుంగలు, వాటిని పలుచని పొరలుగా ఒలిచే రకరకాల యంత్రాలు ఉన్నాయి. ఒక్కో యంత్రం ఒక్కో దుంగ మీద ఒక్కో వేగంతో పనిచేస్తుంది. ఏ దుంగను ఏ యంత్రానికి పంపాలి? కాంతొరోవిచ్‌కు అర్థమైంది ఏమిటంటే, ఇది ఒక్క ప్లైవుడ్ ట్రస్టు ఇబ్బంది కాదు. పొలాల్లో ఏ పైరు ఎంత వేయాలి, సరుకును ఏ దారిన పంపాలి, ఇంధనాన్ని ఎక్కడ వాడాలి, రేకును ఎట్లా కోస్తే తుక్కు తగ్గుతుంది అనే ప్రశ్నలన్నిటికీ లోపలి ఎముకల గూడు ఒకటే. 1939లో ఉత్పత్తి నిర్వహణకు, ప్రణాళికకు పనికివచ్చే గణిత పద్ధతుల మీద చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. తుక్కు తగ్గించడం మీద అందులో విడిగా ఒక భాగమే ఉంది. తర్వాతి కాలంలో లీనియర్ ప్రోగ్రామింగ్ అని లోకమంతా పిలిచే శాస్త్రానికి ఇదే మొదటి పుస్తకం. అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ తనంతట తాను అదే చోటికి చేరింది 1947లో.

కాంతొరోవిచ్ ఆయుధం పేరు పరిష్కార గుణకాలు. పేరు బరువుగా ఉంది గానీ సంగతి తేలిక. మన రాడ్ల మీదే చూద్దాం. ఒక్కో ముక్కకు ఒక ధర కడదాం, రూపాయల్లో కాదు, రాడ్లలో. 5 మీటర్ల ముక్క అర రాడ్డు, మూడున్నర మీటర్ల ముక్క పావు రాడ్డు. ఈ ధరలు ఎక్కడివని అప్పుడే అడగకండి, కాసేపట్లో వాటి పుట్టుక చూద్దాం. ఒక రాడ్డును ఎన్ని రకాలుగా కోయగలం? 5 మీటర్లవి రెండు తీస్తే వచ్చే సరుకు విలువ ఒక రాడ్డు. ఒక 5, రెండు మూడున్నరలు తీస్తే, అర, పావు, పావు కలిపి అదీ ఒక రాడ్డే. మూడున్నరలు మూడు తీస్తే ముప్పావు. ఇంతకు మించి ఇమడవు. అంటే ఎవరు కోసినా, ఎట్లా కోసినా, ఒక రాడ్డు నుంచి ఒక రాడ్డుకు మించిన విలువ రాదు. మనకు కావలసిన సరుకు విలువ ఎంత? అరలు 60 అంటే 30, పావులు 60 అంటే 15. మొత్తం 45. కాబట్టి 45 రాడ్లకు తక్కువ ఎవరి తరమూ కాదు. వాదన అక్కడితో ముగిసింది. మేస్త్రి 45 రాడ్లతో పని పూర్తిచేసి ఉంటే, ఆ 15 తుక్కు ముక్కలకు ఆయన బాధ్యుడు కాడు. 50 వాడి ఉంటే అడిగే హక్కు యజమానికి ఉంది.

ఈ రుజువును నేను ఎన్నిసార్లు చూసుకున్నా సంతోషమే కలుగుతుంది. లెక్కలేనన్ని అవకాశాలను రెండు చిన్న భిన్నాలు కట్టడి చేశాయి. ఎవరైనా వేళ్ళ మీద కూడి సరిచూసుకోవచ్చు, ఏ పెద్ద యంత్రాన్నీ నమ్మనక్కరలేదు.

ఆ ధరలు ఇంకో విషయం కూడా చెబుతాయి. పొడవును బట్టి చూస్తే మూడున్నర మీటర్ల ముక్క విలువ 12లో మూడున్నర వంతు, అంటే పావు కంటే ఎక్కువ ఉండాలి. ఈ ఆర్డరులో దానికి అంత విలువ లేదు. 5 మీటర్ల ముక్క మాత్రం తన పొడవుకు మించిన ధర పలుకుతోంది, దాన్ని ఇమడ్చడమే కష్టం గనుక. ఇప్పుడు ఇదే ఇంటికి 2 మీటర్ల ముక్కలు ఓ 15 అదనంగా కావాలని ఇంజనీరు ఫోన్ చేశాడనుకోండి. వాటి ధర సున్నా. 5 మీటర్లవి రెండేసి తీసిన రాడ్లలో మిగిలిన కొసలే అవి. అదే 45 ముక్కలు అడిగితే? 15 కొసల నుంచి వస్తాయి, మిగతా 30 కోసం రాడ్డుకు ఆరు చొప్పున 5 రాడ్లు. మొత్తం 50 రాడ్లు, 600 మీటర్లు, తుక్కు ఏమీ లేదు. ధరలు కూడా మారిపోతాయి. ఇప్పుడు ప్రతి ముక్కా తన పొడవుకు తగ్గ విలువే పలుకుతుంది. నిన్న తుక్కు అనుకున్న 2 మీటర్ల ఇనుము ఇవాళ సరుకైంది, ఇనుములో ఏ మార్పూ లేకుండానే. ఒక ముక్క తుక్కా కాదా అన్నది ఆ ముక్కను చూసి చెప్పే మాట కాదు, ఆర్డరు మొత్తాన్ని చూసి చెప్పే మాట. ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

ఈ ధరలే కాంతొరోవిచ్‌కు చిక్కులు తెచ్చాయి. వస్తువు విలువ అందులో ఇమిడిన శ్రమ నుంచి వస్తుందని సోవియట్ అధికారిక అర్థశాస్త్రం చెప్పేది. కొరతను బట్టి, అవసరాన్ని బట్టి విలువ పుడుతుందనే లెక్క వాళ్ళకు అనుమానంగా కనిపించింది. 1942 నాటికే ఆయన రాసిన ఆర్థిక గ్రంథం 1959లో గానీ వెలుగు చూడలేదు. కోత లెక్కలు మాత్రం ఆయన వదల్లేదు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన యువ జ్యామితి శాస్త్రవేత్త విక్తర్ జల్గాల్లెర్‌తో కలిసి లెనిన్‌గ్రాడ్‌లోని యెగోరొవ్ రైలుపెట్టెల కర్మాగారంలో ఈ పద్ధతిని ఆచరణలో పెట్టాడు. ఇద్దరూ కలిసి రాసిన పారిశ్రామిక సరుకుల కోత పుస్తకం 1951లో వచ్చింది. ఆ కర్మాగారం గురించి ఒక కథ చెబుతారు. తుక్కు బాగా తగ్గిందట. తీరా చూస్తే, ఏటా ఇన్ని టన్నుల తుక్కు ఇనుము అప్పగించాలని కర్మాగారానికి పైనుంచి వచ్చిన లక్ష్యం తప్పిపోయిందట. దుబారా తగ్గించినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పైవాళ్ళు కొలిచేది ఏమిటో చూడకుండా కిందివాళ్ళ లెక్క ఒక్కదాన్నే బాగుచేస్తే ఇలాగే అవుతుంది. కాంతొరోవిచ్‌కు 1965లో లెనిన్ బహుమతి, 1975లో చాలింగ్ కూప్‌మన్స్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చాయి.

రెండు కొలతలైతే కాగితం మీద తేలుతుంది. కాగితం మిల్లులో కొలతలు పదులకొద్దీ ఉంటాయి. 200 అంగుళాల రీలు, 20 నుంచి 80 అంగుళాల లోపు 40 వెడల్పులు అనుకుంటే, ఒక్క రీలును చీల్చగల తీరులే కోటి దాటి పది కోట్లకు పోవచ్చు. ఏ తీరున ఎన్ని రీళ్ళు చీల్చాలో తేల్చాలంటే ముందు ఆ తీరులన్నీ పట్టిక వేయాలి. పట్టికకే ఏళ్ళు పడితే మిల్లు నడిచేదెప్పుడు? 1950లలో ఈ పనికి లీనియర్ ప్రోగ్రామింగ్ పనికిరాదనిపించింది ఇందుకే.

1961లో ఐబిఎం పరిశోధకులు పాల్ గిల్మోర్, రాల్ఫ్ గొమొరీ దీనికి మార్గం చూపారు. పట్టిక వేయవద్దన్నారు. కొన్ని తీరులతో మొదలుపెట్టి, కొత్త తీరు కావాలో వద్దో ధరలనే అడగమన్నారు.

మన రాడ్లతోనే నడిపి చూద్దాం. తెలిసిన తీరులు రెండే అనుకోండి, 5లు రెండు లేదా మూడున్నరలు మూడు. రాడ్డు నుంచి 5లు రెండు వస్తున్నాయి గనుక ఒక్కోటి అర రాడ్డు. మూడున్నరలు మూడు వస్తున్నాయి గనుక ఒక్కోటి రాడ్డులో మూడో వంతు. మొత్తం 50 రాడ్లు. ఇప్పుడు ఈ ధరలకు ఒక్క రాడ్డులో అత్యంత విలువైన సరుకు ఎట్లా సర్దగలమో వెతకాలి. ఒక 5, రెండు మూడున్నరలు సర్దితే అర, దాని మీద మూడింట రెండు వంతులు, అంటే ఆరింట ఏడు వంతులు. ఒకటి కంటే ఎక్కువ! ఒక రాడ్డు ఖర్చు పెడితే రాడ్డును మించిన సరుకు వస్తోంది. కాబట్టి ఈ తీరును జాబితాలోకి తీసుకోవాలి. తీసుకుని మళ్ళీ లెక్క వేస్తే 45 రాడ్లు వస్తాయి, ధరలు అర, పావు అవుతాయి. అవే, ఇందాక మనం పుట్టుక చెప్పకుండా వాడుకున్న ధరలు. ఈ కొత్త ధరలకు మళ్ళీ వెతికితే ఏ సర్దుబాటూ ఒకటిని దాటదు. ఇక ఆగవచ్చు. ఆగవచ్చని తెలియడమే ఇక్కడి గొప్పతనం. పది కోట్ల తీరుల్లో మనం చూసినవి కొన్నే అయినా, చూడనివాటిలో మేలైనది ఏదీ దాగి లేదని ఆ ధరలే హామీ ఇస్తాయి.

ఇక్కడ పెద్ద సమస్య చిన్న సమస్యగా విడిపోయింది. ప్రతి మలుపులోనూ వెతకవలసింది ఒక్క రాడ్డులో, ఒక్క రీలులో సరుకు ఎట్లా సర్దాలన్నది మాత్రమే. అది కంప్యూటర్ చకచకా చేసిపెడుతుంది. 1963లో ఇద్దరూ కాగితం పరిశ్రమను దృష్టిలో పెట్టుకుని రెండో వ్యాసం రాశారు. అదే ఏడు వాళ్ళ కృషికి లాంచెస్టర్ బహుమతి లభించింది. విమాన సిబ్బంది డ్యూటీలు వేయడం వంటి, కోతతో ఏ సంబంధమూ లేని పనుల్లోనూ ఇప్పుడు ఇదే ఎత్తుగడ నడుస్తోంది.

ఒక మెలిక మిగిలే ఉంది. ఈ పద్ధతి జవాబును భిన్నాల్లో ఇవ్వవచ్చు. 5 మీటర్లవి 60 కాక 61 అయితే ధరల లెక్క 45న్నర రాడ్లు అంటుంది. అర రాడ్డు కోయలేం, 46 కావాలి, 46తో అయిపోతుంది కూడా. ఎప్పుడూ ఇంత సాఫీగా ఉంటుందా? ఉండదు. పై అంకెకు సవరించినా చాలక, ఇంకొక రాడ్డు అదనంగా పట్టే ఉదాహరణలు గణితవేత్తలు కనుక్కున్నారు. ఒకటికి మించి, రెండు రాడ్లు అదనంగా పట్టే ఉదాహరణ మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఎప్పటికీ దొరకదని రుజువు చేసినవాళ్ళూ లేరు. ఇనుప రాడ్లు కోసే లెక్కలో ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న ఒకటి ఉందంటే చదువుకునే పిల్లలకు ఎంత పిలుపో ఆలోచించండి.

మరి కంప్యూటర్ లేని చోట, పొడుగువి ముందు అనే మేస్త్రి పద్ధతి పూర్తిగా తీసిపారేయదగ్గదా? కాదు. ప్రతి ముక్కనూ పొడవు తగ్గే వరసలో తీసుకుని, అది పట్టే మొదటి రాడ్డులోనే పెట్టుకుంటూ పోతే, పెద్ద ఆర్డర్లలో అతి మంచి జవాబు కంటే సుమారు 22 శాతానికి మించి ఎక్కువ రాడ్లు పట్టవని 1973లో డేవిడ్ జాన్సన్ రుజువు చేశాడు. మన ఉదాహరణలో ఎక్కువ పడింది 11 శాతం. చేతి అలవాటుగా వచ్చిన పద్ధతికి అది మంచి యోగ్యతాపత్రమే. అయితే టన్నులకొద్దీ ఇనుము కోసే చోట 11 శాతం చిన్న మాట కాదు.

రాడ్డుకు, రీలుకు చూడవలసింది ఒక్క దిక్కే. ప్లైవుడ్‌కు, అద్దానికి రెండు దిక్కులు, అక్కడ కష్టం ఇంకో మెట్టు పెరుగుతుంది. 3 అడుగుల చదరాన్ని తీసుకోండి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలకలు నాలుగింటిని అంచుల వెంట ఒకదాని తోకను ఇంకొకటి పట్టుకున్నట్టు చుట్టూ పేర్చితే, నడుమ సరిగ్గా అడుగు చదరం మిగులుతుంది. ఐదు ముక్కలు, తుక్కు సున్నా. గీసి చూసుకుంటే ముచ్చటగా ఉంటుంది. కానీ రంపపు బల్ల మీద ఇది కోయలేరు. బల్ల మీది రంపం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా పోవాలి, ఈ అమరికలో ఎక్కడ మొదలుపెట్టినా ఏదో ఒక పలక నడుమ నుంచి పోతుంది. అద్దం సంగతీ అంతే, గీత అంచు నుంచి అంచుకు పోతేనే చక్కగా విరుగుతుంది. చెక్కకైతే ఈనె ఏ దిక్కున నడుస్తుందో కూడా చూడాలి, ముక్కను అడ్డం తిప్పి ఇరికించడానికి లేదు. రంపం తినేసే పొట్టు మందం కూడా లెక్కలోకి వస్తుంది. కాగితం మీద సున్నా తుక్కు చూపించిన అమరిక వడ్రంగి చేతిలో ఒక ముక్క తక్కువ పడడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

తుక్కు తక్కువైతే ఖర్చు తక్కువైనట్టేనా అంటే, అదీ చూసి చెప్పాలి. మిల్లులో తీరు మార్చినప్పుడల్లా చీల్చే కత్తులను జరిపి బిగించాలి, అంతసేపూ పని ఆగుతుంది. అర శాతం కాగితం మిగిల్చేందుకు పాతిక తీరులు వాడమనే జవాబు కంటే, ఆరు తీరులతో ముగిసే జవాబే మిల్లుకు మేలు కావచ్చు. పైగా కాగితం పీలిక ఎక్కడికీ పోదు, మళ్ళీ గుజ్జులోకి వెళ్తుంది. ఇనుప ముక్క తుక్కు కొట్టు మీదుగా కొలిమికి చేరుతుంది. సరుకు పోలేదు కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. నేను ఒప్పుకోను. గుజ్జును కాగితం చేయడానికి పట్టిన ఆవిరి, కరెంటు, నీళ్ళు రెండోసారి ఖర్చవుతాయి. ఇనుము మళ్ళీ కరగాలి, మళ్ళీ సాగాలి, మళ్ళీ లారీ ఎక్కాలి.

అన్నిటికన్నా పెద్ద ఆదా కోత దగ్గర కాక, డ్రాయింగు బల్ల దగ్గర దొరుకుతుంది. 4 మీటర్ల ముక్కలు రాడ్డుకు మూడు వస్తాయి. అదే 4.1 మీటర్లైతే రెండే, మిగిలిన 3.8 మీటర్లు ఆ కొలతకు పనికిరాదు. అలాంటి ముక్కలు 300 కావాలంటే 100 రాడ్లు చాలేచోట 150 తెప్పించాలి. పది సెంటీమీటర్ల తేడాకు 50 రాడ్లు. ఆ తర్వాత ఎంత తెలివైన ప్రోగ్రాం తెచ్చి కోయించినా, ఆ 3.8 మీటర్లు వాడుకునే ఇంకో కొలత ఆర్డరులో లేకపోతే చేయగలిగింది లేదు. రాడ్లను అతికే చోట ఒకదాని మీద ఒకటి ఎంత పొడవు రావాలన్నది భద్రతకు సంబంధించిన విషయం, దాన్ని తగ్గించకూడదు. కానీ ఆ అతుకు ఎక్కడ పడాలి, బీము పొడవునా రాడ్లను ఎన్ని ముక్కలుగా పంచాలి అన్నదాంట్లో ఇంజనీరుకు చాలాసార్లు కొంత వెసులుబాటు ఉంటుంది. ఏ రాడ్డును ఏ కొలతకు కోసి వంచాలో రాసే పట్టికను, అంటే బార్ బెండింగ్ షెడ్యూల్‌ను, తయారుచేసే రోజునే ఐరన్ మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కొలతనూ 12 పక్కన పెట్టి చూస్తే, ఆ పది సెంటీమీటర్లు ఎక్కడ సర్దుకుంటాయో ఆయనే చెబుతాడు.